మబ్బుల పైన తేయాకు తోట: కొలుక్కుమలై విశేషాలు

తోట ఉన్నది తమిళనాడులో. బండి వెళ్లేది మాత్రం కేరళ నుంచే. తేని జిల్లా బోడినాయకనూరు (బోడి) తాలూకాలోని కొలుక్కుమలై తేయాకు తోట చూడాలంటే ఇడుక్కి జిల్లాలోని సూర్యనెల్లికి చేరుకుని, అక్కడ జీపు మాట్లాడుకోవాలి. కారణం ఆ కొండ నిర్మాణమే. పడమర వైపు, అంటే మూణార్ వైపు, నేల మెట్లు మెట్లుగా లేస్తుంది. తూర్పు వైపు, అంటే బోడి వైపు, గోడ కట్టినట్టు ఒక్కసారిగా తెగిపోయి మైదానంలో పడుతుంది. ఆ గోడ మీదుగా రోడ్డు వేయడం ఎవరి వల్లా కాలేదు. తమిళనాడు వైపున్న కురంగణి ఊరి నుంచి ఉన్నది కాలిదారి ఒక్కటే.

హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి వారాంతంలో మిత్రబృందాలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. మేమూ అలాగే శని, ఆదివారాలు చూసుకుని బయల్దేరాం. స్థానిక గైడ్‌ని వెంటబెట్టుకుని సగం దారి జీపులో, మిగతాది కాలినడకన. నా మాట వింటే ఆ రెండో సగం కోసమే వెళ్లాలి. జీపులో కూర్చుంటే రాళ్ల కుదుపు తప్ప ఏమీ తెలియదు. నడిస్తేనే తోట తెలుస్తుంది, గాలి మారడం తెలుస్తుంది.

ఎంత ఎత్తు?

ఈ తోట పైభాగం సముద్రమట్టానికి సుమారు 7,900 అడుగులు, దాదాపు 2,400 మీటర్లు. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అర్మ కొండ తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరాల్లో ఒకటి. దాని ఎత్తు 1,680 మీటర్లు. అంటే మన అతి ఎత్తైన కొండల కంటే ఇంకో 700 మీటర్లు పైన ఇక్కడ తేయాకు కోస్తున్నారన్నమాట.

‘ప్రపంచంలోకెల్లా ఎత్తైన తేయాకు తోట’ అని కొలుక్కుమలైకి పేరు. ఆ బిరుదుని నేనైతే కొంచెం జాగ్రత్తగానే వాడతాను. తైవాన్‌లోని దాయులింగ్ కొండల్లో 2,500 మీటర్ల దగ్గర కూడా తేయాకు పండింది. అయినా కొలుక్కుమలై గొప్పతనానికి వచ్చిన లోటేమీ లేదు. భారతదేశంలో ఇంత ఎత్తున, అక్కడే ఫ్యాక్టరీ కూడా పెట్టుకుని, పాత పద్ధతిలో టీ పొడి తయారు చేసే చోటు చూడటమే ఒక భాగ్యం.

ఎత్తుకీ టీకీ సంబంధం ఏమిటి? కిలోమీటరు పైకి వెళ్లేకొద్దీ గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. బోడిలో ఉక్కపోతగా ఉన్న రోజున కూడా కొండ మీద స్వెట్టర్ కావాలి. ఆ చలిలో మొక్క నెమ్మదిగా పెరుగుతుంది. చిగురు రావడానికి ఎక్కువ రోజులు పడుతుంది, దిగుబడి తగ్గుతుంది. కానీ ఆలస్యంగా ఎదిగిన ఆ చిగురులోనే పరిమళాన్నిచ్చే పదార్థాలు చిక్కగా చేరతాయి. తక్కువ ఆకు, ఎక్కువ వాసన: ఎత్తైన తోటల లెక్క ఇదే.

ఇంకో సంగతి. అంత ఎత్తున నీళ్లు 100 డిగ్రీలకు మరగవు. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి దాదాపు 92 డిగ్రీలకే తెర్లడం మొదలవుతుంది. పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, అన్నం కూడా అంతే. సున్నితమైన ఆకు టీకి మాత్రం ఆ వేడి చక్కగా సరిపోతుంది.

ఒకే గట్టు, రెండు సముద్రాలు

తెల్లవారుజామున గట్టు మీద నిలబడితే తూర్పున మైదానమంతా మబ్బుల కింద ఉంటుంది. రాత్రి చల్లబడిన బరువైన గాలి లోయల్లోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. దాని పైన కాస్త వెచ్చని గాలి పొర మూతలా ఉండటంతో తేమ పైకి లేవలేక కిందే మబ్బుగా మారుతుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కగానే ఆ మూత తొలగి మబ్బు చెదిరిపోతుంది. అందుకే జీపులన్నీ చీకటితోనే బయల్దేరతాయి. పొద్దెక్కాక వెళితే కింద ఊళ్లు కనిపిస్తాయి కానీ మబ్బుల సముద్రం కనిపించదు.

ఈ గట్టు నీళ్లను కూడా పంచుతుంది. తూర్పు వాలున పడిన చినుకు కొట్టగుడి నదిలో చేరి, బోడి మీదుగా వైగైలో కలిసి, మదురై దాటి బంగాళాఖాతం వైపు పోతుంది. పడమటి వాలున పడిన చినుకు ఆనయిరంగల్ జలాశయం, పన్నియార్, ముదిరప్పుళ మీదుగా పెరియార్‌లో చేరి అరేబియా సముద్రంలో కలుస్తుంది. రెండు చినుకుల మధ్య ఉన్నది నాలుగు అడుగుల వెడల్పు గట్టు. నైరుతి రుతుపవనాల వాన ఎక్కువగా మూణార్ వైపే కురుస్తుంది. బోడి వైపు ఆ నెలల్లో పొడిగా ఉంటుంది. ఆ వాలున ఎండే గడ్డి సంగతి చివర్లో చెప్పాలి.

బోడి గురించి మన పాఠకులకు నచ్చే ముచ్చట ఒకటి. బోడినాయకనూరు పాలెగాళ్లది తెలుగు మూలాలున్న వంశం. గుత్తి ప్రాంతం నుంచి దక్షిణానికి వలస వచ్చినవాళ్లమని ఆ కుటుంబ చరిత్ర చెప్పుకుంటుంది. తేని జిల్లా పల్లెల్లో ఇప్పటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. బోడి ఏలకుల వ్యాపారానికి కూడా కేంద్రం. పక్క కొండల్లో పండిన ఏలకులు అక్కడి వేలానికి వస్తాయి. 2023 జూన్ నుంచి బోడికి మళ్లీ రైలు కూడా నడుస్తోంది. గేజ్ మార్పిడి కోసం అంతకుముందు దాదాపు పన్నెండేళ్లు ఆ లైను మూతపడి ఉంది.

మొక్క కాదు, చెట్టు

తేయాకు పొద అనుకుంటాం. వదిలేస్తే అది చెట్టే. ముప్పై అడుగులు దాటి కూడా పెరుగుతుంది. కోసేవాళ్ల చెయ్యి అందే ఎత్తులో నడుముదాకా ఉంచడానికి నాలుగైదేళ్లకోసారి కొమ్మలు నరుకుతారు. దాన్ని తోటల్లో కవాత్తు అంటారు. కవాత్తు చేసిన తోట చూస్తే గుండె కలుక్కుమంటుంది, ఎండు కర్రల కొండలా ఉంటుంది. కొన్ని నెలల్లో మళ్లీ పచ్చబడుతుంది. ఒక మొక్క వందేళ్లు బతికి చిగురు వేస్తుంది కాబట్టి ఈ కొండల్లో తెల్లదొరల కాలంలో నాటిన పొదల్నే ఇవాళా కోస్తున్నారు.

వాన బాగా కావాలి కానీ వేళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు. నేల పుల్లగా, ఆమ్ల గుణంతో ఉండాలి. ఈ రెండూ కొండవాలులో దొరుకుతాయి. తోట మధ్యలో అక్కడక్కడా నిటారుగా కనిపించే చెట్లు సిల్వర్ ఓక్. అరకు వెళ్లినవాళ్లకి కాఫీ తోటల్లో మిరియాల తీగలు పాకించిన ఈ చెట్లు పరిచయమే. వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. నీడ కోసం, గాలిని ఆపడం కోసం వీటిని తెచ్చి నాటారు. తేయాకుకి పువ్వు కూడా పూస్తుంది. తెల్లని రేకులు, మధ్యలో పసుపు కేసరాలు. నిత్యం చిగురు కోసేస్తారు కాబట్టి పూలు కనిపించేది తక్కువ. పొదల అడుగున వంగి వెతికితే దొరుకుతాయి.

కోయాల్సింది కొసన ఉన్న మొగ్గ, దాని కిందున్న రెండు లేత ఆకులు. ఆ చిగురుని అక్కడివాళ్లు కొళుందు అంటారు. కొన్నిసార్లు కొమ్మ కొస నిద్రపోతుంది, మొగ్గ ముందుకు రాదు. దాన్ని బంజి అంటారు. అది పొడి నాణ్యతను తగ్గిస్తుంది. కోసే మనిషి పక్కన నిలబడి కాసేపు చేతులు చూడండి. నడుముకి టార్పాలిన్ పట్టా బిగించి ఉంటుంది. తడి పొదలు రాసుకుని చీర నానకుండా, కొమ్మలు గుచ్చుకోకుండా అది కాపు. బొటనవేలూ చూపుడువేలూ చిగురుని విరిచి అరచేతిలోకి తోస్తుంటే కళ్లు అప్పటికే తర్వాతి పొద మీద ఉంటాయి. ఆకు పసరు పట్టి వేళ్ల కొసలు నల్లబడిపోయి ఉంటాయి. ఆ నలుపు సబ్బుకి పోదు. చాలా తోటల్లో ఇప్పుడు సంచి తగిలించిన పెద్ద కత్తెర వచ్చింది. పని వేగం పెరిగింది, భుజాల నొప్పి కూడా పెరిగిందని కోసేవాళ్లు చెబుతారు.

కిలో టీ పొడి రావాలంటే నాలుగు నుంచి ఐదు కిలోల పచ్చి ఆకు కావాలి. ఈ లెక్క తెలిశాక టీ పొడి పొట్లం చేతిలోకి తీసుకుంటే దాని బరువు వేరేగా తెలుస్తుంది.

చెక్క నేల మీద ఆకు వాసన

కొలుక్కుమలై ఫ్యాక్టరీ 1930ల నాటిది. యంత్రాల్లో చాలావరకు ఆ కాలపు బ్రిటిష్ యంత్రాలే. ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఇక్కడ చేసేది ఆర్థొడాక్స్ పద్ధతి. ముందు ఆకుని పొడవాటి తొట్లలో పరిచి కింద నుంచి గాలి వదులుతారు. పన్నెండు గంటలకు పైగా వాడుతుంది. వాడిన ఆకుని పట్టుకుంటే మెత్తటి గుడ్డలా చేతిలో ముద్దవుతుంది, విరగదు. అప్పుడు దాన్ని రోలింగ్ బల్ల మీద వేసి వలయాకారంగా తిప్పుతూ నలుపుతారు. ఆకు మెలితిరిగి లోపలి రసం పైకి వస్తుంది. గాలి తగిలి పచ్చదనం పోయి రాగి రంగు వస్తుంది. సరిగ్గా ఆ దశలో గదంతా పండిన ఆపిల్ వాసన వేస్తుంది. ఎప్పుడు ఆపాలో అనుభవజ్ఞుడైన పనివాడి ముక్కు చెబుతుంది. ఆ తర్వాత వేడి గాలిలో ఆరబెట్టి, తేమ మూడు శాతం దగ్గరికి దించి, జల్లెడల మీద రకాలుగా విడదీస్తారు.

మన ఇళ్లలో, హోటళ్లలో తాగేది దాదాపుగా సీటీసీ టీ. పళ్లున్న రోలర్ల మధ్య ఆకుని నలిపి, చింపి, గుళికలు చేసే యంత్రం 1930 ప్రాంతంలో అస్సాంలో పుట్టింది. తక్కువ సమయంలో చిక్కటి రంగు దిగుతుంది, పాలు పోసినా రుచి నిలుస్తుంది. హైదరాబాద్ ఇరానీ చాయ్‌కి గంటలకొద్దీ సెగ మీద ఉండే డికాషన్ కావాలి కాబట్టి అక్కడ డస్ట్ రకమే పని చేస్తుంది. కొలుక్కుమలై ఆకు టీని అలా మరిగిస్తే చేదు తప్ప ఏమీ మిగలదు. కొనుక్కుని వచ్చినవాళ్లు దయచేసి పాలల్లో వేసి కాచకండి. వేడినీళ్లు పోసి మూత పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఆగి వడకట్టండి. పాలు లేకుండా తాగితే ఆ కొండ చలి చేసిన పని నాలుకకి తెలుస్తుంది.

ఎద్దులు లాగిన రైలు

ఈ కొండల్లో తేయాకు కథ 1877లో మొదలైంది. జాన్ డేనియల్ మన్రో అనే బ్రిటిష్ అధికారి పూంజార్ రాజకుటుంబం నుంచి కన్నన్ దేవన్ కొండల్ని కౌలుకి తీసుకున్నాడు. విస్తీర్ణం సుమారు 227 చదరపు మైళ్లు. మొదట కాఫీ, సింకోనా, ఏలకులు వేసి చూశారు. 1880లో ఎ.హెచ్. షార్ప్ అనే తోటల యజమాని పార్వతి ఎస్టేట్‌లో తేయాకు నాటాడు. అక్కడి నుంచి అది మిగతా పంటలన్నిటినీ పక్కకి నెట్టేసింది. అడవి దారులు తెల్లవాళ్లకి చూపించింది ముదువాన్ గిరిజనులు. కన్నన్, దేవన్ అనేవి వాళ్ల పెద్దల పేర్లేనని మూణార్‌లో చెప్పుకుంటారు.

టీ పెట్టెల్ని ఓడరేవుకి చేర్చడం పెద్ద సమస్య అయింది. 1902లో మూణార్ నుంచి టాప్ స్టేషన్ దాకా ఒంటి పట్టా మీద నడిచే బళ్లు వేశారు. వాటిని లాగింది ఎద్దులు! 1908లో దాన్ని చిన్న రైలుమార్గంగా మార్చి ఆవిరి ఇంజన్లు తెచ్చారు. టాప్ స్టేషన్ నుంచి రోప్‌వే మీద పెట్టెలు కొండ దిగువకి జారేవి. అక్కడి నుంచి బోడికి, బోడి నుంచి తూత్తుకుడి రేవుకి, రేవు నుంచి ఓడల్లో ఇంగ్లండ్‌కి. 1924 జులైలో వచ్చిన మహావరద ఆ రైలుమార్గాన్ని తుడిచిపెట్టేసింది. మళ్లీ ఎవరూ కట్టలేదు. టాప్ స్టేషన్ అన్న పేరు మాత్రం ఊరికి నిలిచిపోయింది. అక్కడికి వెళ్లేవాళ్లలో చాలామందికి అది ఒకనాటి రైలు స్టేషన్ అని తెలియదు.

కోసే చేతులు

తోటల్ని నాటింది, నిలబెట్టింది తమిళ మైదానాల నుంచి కంగాణీలనే మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి తీసుకొచ్చిన కూలీలు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇవాళా లయాలనే వరుస ఇళ్లలో ఉంటున్నారు. 2015 సెప్టెంబరులో మూణార్ తేయాకు తోటల మహిళలు పెద్ద సమ్మె చేశారు. తగ్గించిన బోనస్‌ని మళ్లీ 20 శాతం చేయాలని, రోజు కూలి 232 రూపాయల నుంచి పెంచాలని రోడ్డు మీద కూర్చున్నారు. యూనియన్ నాయకులను దగ్గరికి రానివ్వలేదు. తామే మాట్లాడతామన్నారు, మాట్లాడారు. ‘పెంబిళై ఒరుమై’ పేరుతో వాళ్లు నడిపిన ఆ పోరాటం తర్వాత కూలి 301 రూపాయలకు పెరిగింది. నాయకుల వెనక నడవడమే అలవాటైన చోట ఆ ఆడవాళ్లు చూపిన ధైర్యం మామూలుది కాదు.

2020 ఆగస్టు 6 రాత్రి మూణార్ దగ్గర పెట్టిముడిలో కొండచరియ విరిగి లయాల మీద పడింది. 70 మంది పోయారు. నిద్రలో ఉన్న కుటుంబాలకు కుటుంబాలే పోయాయి. వాలులో కట్టిన ఆ ఇళ్లు ఎంత ప్రమాదంలో ఉన్నాయో తోటలో నడుస్తున్నప్పుడు తలెత్తి చూస్తే అర్థమవుతుంది. ఫొటోలో అందంగా వచ్చే ఆ వాలు కిందే వాళ్ల పిల్లలు పడుకుంటారు.

అడవి పొరుగువాళ్లు

సూర్యనెల్లి, చిన్నకనాల్ ఏనుగుల దారి. రేషన్ షాపుల్లో బియ్యం కోసం గోడలు పగలగొట్టే ఒక మగ ఏనుగుని అరికొంబన్ అని పిలిచేవారు. అరి అంటే బియ్యం. 2023 ఏప్రిల్ 29న దాన్ని మత్తుమందిచ్చి పట్టుకుని పెరియార్ అడవిలో వదిలారు. నెల తిరక్కుండా అది తమిళనాడులోని కంబం పట్టణం నడివీధిలో ప్రత్యక్షమైంది. జూన్‌లో మళ్లీ పట్టి కళక్కాడు ముండన్‌దురై అడవికి తరలించారు. తప్పు ఏనుగుదని నేననుకోను. అది నడిచే దారిలో మనం ఊళ్లు కట్టాం.

ఎదురుగా కనిపించే మీసపులిమల ఎత్తు 2,640 మీటర్లు. పశ్చిమ కనుమల్లో 2,695 మీటర్ల ఆనముడి తర్వాత అదే ఎత్తైనది. ఈ రాతి వాలుల్లో నీలగిరి తార్ అనే కొండమేకలు తిరుగుతాయి. తమిళనాడు రాష్ట్ర జంతువు ఇదే. అవి ఈనే కాలంలో, ఏటా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో, ఇరవికుళం జాతీయ పార్కును సందర్శకులకు మూసేస్తారు. నారింజ రంగులో, అంగుళం కూడా లేని ఒక చిన్న కప్పని ఆనముడి మీద కనుగొన్నట్టు శాస్త్రవేత్తలు 2010లో ప్రకటించారు. అలాంటిది ఇరవికుళం కొండల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

నీలకురింజి పన్నెండేళ్లకోసారి పూస్తుంది, పూశాక మొక్క చచ్చిపోతుంది. 2006లో పూసింది. 2018లో పూసినప్పుడు కేరళ వరదలు ముంచుకొచ్చి చాలామంది చూడలేకపోయారు. తర్వాతిది 2030లో. ముదువాన్లు వయసుని కురింజి పూతలతో లెక్కపెట్టేవారంటారు.

ఇక జలగలు. వానాకాలంలో తప్పవు. కరిచినట్టు కూడా తెలియదు. రక్తం గడ్డకట్టకుండా హిరుడిన్ అనే పదార్థాన్ని వదులుతుంది కాబట్టి అది రాలిపోయాక కూడా రక్తం కారుతూనే ఉంటుంది. కంగారు పడొద్దు. గోటితో నెమ్మదిగా పక్కకి తోసి, కడిగి, గట్టిగా నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. పొడవాటి మేజోళ్లు వేసుకుని ఉప్పు దగ్గర పెట్టుకోవడం మంచిది.

కురంగణి

2018 మార్చి 11, ఆదివారం. చెన్నై నుంచి ఒక బృందం, తిరుప్పూర్, ఈరోడ్ వైపు నుంచి మరో బృందం కొలుక్కుమలై నుంచి కురంగణి వైపు దిగుతున్నాయి. ఎక్కువమంది యువతీయువకులు, మనలాగే వారాంతం చూసుకుని వచ్చినవాళ్లు. ఎండిన గడ్డికి నిప్పంటుకుంది. గాలికి అది వాలు వెంట ఎగబాకింది. నిప్పు పల్లం కంటే ఎత్తుకి వేగంగా పోతుంది, ఎందుకంటే మంట పైనున్న గడ్డిని ముందే వేడెక్కించి ఆరబెట్టేస్తుంది. పైకి పరుగెత్తి మంటని గెలవడం మనిషి వల్ల కాదు. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ దారికి వాళ్లకి అటవీశాఖ అనుమతి లేదని అధికారులు అప్పుడు చెప్పారు. తర్వాత తమిళనాడు ప్రభుత్వం ట్రెక్కింగ్‌కి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 2024 అక్టోబరులో రాష్ట్రమంతటా 40 దారులతో ‘ట్రెక్ తమిళనాడు’ మొదలుపెట్టి, శిక్షణ పొందిన స్థానిక గైడ్‌లను పెట్టింది.

గైడ్‌లలో ఎక్కువమంది ఆ కొండల దగ్గర పుట్టిన గిరిజన యువకులు. నిప్పు వాసన వాళ్లకి మనకంటే ముందు తెలుస్తుంది, ఏనుగు జాడ కూడా. వెళ్లాలనుకునే తెలుగు మిత్రులకు నా మనవి ఇంతే. సెప్టెంబరు నుంచి జనవరి మధ్యలో వెళ్లండి. ఎండాకాలంలో అటవీశాఖ దారి మూసిందంటే మరో దారి వెతక్కండి. సిగరెట్టు, అగ్గిపెట్టె కిందే వదిలిపెట్టండి. టీ పొడి కొంటే తోట దగ్గరే కొనండి. తమిళనాడు వైపు గడ్డి వాలుల్లోకి దిగాలనుకుంటే అనుమతి కాగితం, గైడ్ రెండూ ఉన్నప్పుడే దిగండి. ఏ ఒక్కటి లేకపోయినా గట్టు మీద నుంచే సూర్యోదయం చూసి, జీపెక్కి సూర్యనెల్లికి తిరిగి వచ్చేయండి.